పూర్తి అదనపు బాధ్యతలు

అంతరిక్ష ధూళి అధ్యయన కేంద్రంలో పదకొండు గదులున్నాయి. ప్రతి గది తలుపు మీదా ఒక పేరు పలక ఉంది. పదకొండు పలకల మీదా ఉన్నది ఒకటే పేరు: దామిశెట్టి చెంచురామయ్య. కొత్తగా వచ్చినవాళ్ళు, ఒకే ఇంటివాళ్ళు పదకొండుమంది ఇక్కడ ఉద్యోగాలు సంపాదించారనుకుని, ఒళ్ళు మండి ఫిర్యాదుల పెట్టెలో చీటీ వేసి పోయేవారు. ఆ పెట్టె తాళంచెవి కూడా చెంచురామయ్య దగ్గరే ఉండేది.

కేంద్రం నెల్లూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల గుంటల మధ్య ఉంది. గ్రహాలు పుట్టిన నాటి ధూళి ఇంకా ఆకాశంలో తిరుగుతూనే ఉందట. దాన్ని పట్టి చూస్తే మన పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయట. పట్టడానికి ఒక గిన్నె కావాలి. టిఫిన్ బాక్సంత గిన్నె, దానికో మూత. ఉపగ్రహానికి బిగించి పంపితే, పైకి వెళ్ళాక మూత తెరుచుకుంటుంది, ధూళి లోపలి పలక మీద పడుతుంది, పలక కబురు పంపుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం చెంచురామయ్యకు పద్నాలుగేళ్ళు పట్టింది.

మొదటి తొమ్మిదేళ్ళూ పదకొండుమంది ఇంజినీర్లు ఉండేవారు. చెంచురామయ్య వాళ్ళలో ఒకడు, అందరికన్నా నెమ్మదైనవాడు. ఇక్కడి జీతానికి మూడింతలు ఇస్తామని బయటివాళ్ళు పిలిస్తే ఒకడు వెళ్ళాడు. అతను వెనక్కి ఫోన్ చేసి అక్కడ ఏసీ బాగా పనిచేస్తుందని చెబితే మరో ఇద్దరు వెళ్ళారు. అలా ఏడాది తిరిగేసరికి పదిమంది వెళ్ళిపోయారు. చెంచురామయ్య దేశభక్తి వల్ల ఆగాడని వీడ్కోలు సభల్లో అందరూ పొగిడారు. అతన్ని ఎవరూ పిలవలేదన్న సంగతి అతనికొక్కడికే తెలుసు.

ఆ సమయంలోనే వ్యయ నియంత్రణ విభాగం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఆ విభాగం పక్క భవనంలో, నలభై ఇద్దరు ఉద్యోగులతో నడుస్తుంది. ఒక్క ఇంజినీరు ఖర్చును అదుపులో పెట్టాలంటే ఆ మాత్రం మంది కావాలి మరి. దానికి అధిపతి యజ్ఞేశ్వరం గారు. ఉత్తర్వులో ఇలా ఉంది: "ఖాళీ అయిన ఏ పోస్టునూ ఖాళీగా ఉంచరాదు. ఖాళీ అయిన పోస్టును భర్తీ చేయరాదు. పై రెండు ఆదేశాలనూ ఏకకాలంలో అమలుపరచు నిమిత్తం, ఉన్న అధికారికే పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించవలెను."

అప్పగించారు. గిన్నె గీసే రూపకర్త చెంచురామయ్య. గీసిన దాంట్లో తప్పులు వెతికే సమీక్షకుడూ అతనే. నాణ్యత, భద్రత, పరీక్షలు, కొనుగోళ్ళు, స్టోరు, శిక్షణ, నియామకాలు, క్రమశిక్షణ, ఇన్నీ అయ్యాక చివరికి సంచాలక పదవి కూడా అతని నెత్తినే పడింది. పది జీతాలు మిగిలాయని యజ్ఞేశ్వరం గారికి ఢిల్లీలో శాలువా కప్పారు.

చెంచురామయ్య బాధపడ్డాడని అనుకుంటారేమో. లేదు. లోలోపల మురిసిపోయాడు. పదేళ్ళుగా ఎవరూ పిలవని మనిషిని ఒక్కరోజులో పది పోస్టులు పిలిచాయి. విజిటింగ్ కార్డు వేయిస్తే హోదాలు పట్టక రెండు మడతల కార్డు అయింది. ఇంట్లో భార్య వంకాయలు తెమ్మంటే ఏ హోదాలో తేవాలి అని సరదాగా అడిగేవాడు. ఆమెకు మొదటి వారం నవ్వొచ్చింది.

అయితే నిబంధనలు నిబంధనలే. గీసినవాడే సమీక్షించడం పరస్పర విరుద్ధ ప్రయోజనం కిందికి వస్తుందని ఆడిట్‌వాళ్ళు అభ్యంతరం పెట్టారు. యజ్ఞేశ్వరం గారు దానికి పరిష్కారం రాసి పంపారు. "ఒకే అధికారి వేర్వేరు హోదాలలో సంతకం చేయునపుడు వేర్వేరు కుర్చీలయందు ఆసీనుడై, వేర్వేరు రంగుల సిరా వాడవలెను. హోదాల మధ్య మౌఖిక సంభాషణ నిషిద్ధము. సమస్త ఉత్తర ప్రత్యుత్తరాలూ టపా ద్వారానే జరగవలెను."

రూపకర్తకు నీలి సిరా, సమీక్షకుడికి పచ్చ సిరా. మిగతావాళ్ళకు నలుపు, ఎరుపు, వాటి ఛాయలు. రూపకర్త గదిలో బొమ్మ గీసి, మెమో రాసి, టపా పళ్ళెంలో పెట్టి గంట కొట్టేవాడు. అటెండరు మస్తానమ్మ వచ్చి పళ్ళెం తీసుకుని, వరండా చుట్టూ తిరిగి సమీక్షకుడి గదిలో పెట్టేది. ఆమె చుట్టూ తిరిగి వచ్చేలోపు చెంచురామయ్య మధ్య తలుపులోంచి ఆ గదిలోకి వెళ్ళి కూర్చుని ఆమె కోసం ఎదురుచూసేవాడు.

"సారూ, ఇందాక ఆ గదిలో నా చేతికిచ్చారు. ఇప్పుడు ఈ గదిలో నా చేతిలోంచి తీసుకుంటున్నారు. నాకు మోకాళ్ళు నొప్పులు. ఆ తలుపులోంచి మీరే తెచ్చుకోగూడదా?" అంది మస్తానమ్మ ఒకనాడు.

"అలా తెస్తే సమీక్షకుడి స్వతంత్రత దెబ్బతింటుంది మస్తానమ్మా."

"ఆయనెవరో మంచాయనలాగే ఉన్నాడు. మీరు ఒకమాట చెప్పి చూడండి," అందామె. అంటూనే ఇంకో చుట్టు బయలుదేరింది.

పచ్చ సిరాకూ నీలి సిరాకూ గొడవ రెండో నెలలో వచ్చింది. మూతను తెరిచే స్ప్రింగు బలహీనంగా ఉన్నట్టుందని, వివరణ ఇవ్వాలని సమీక్షకుడి హోదాలో చెంచురామయ్య ఒక మెమో రాశాడు. రూపకర్త కుర్చీలో కూర్చుని అది చదివేసరికి అతనికి నిజంగానే ఒళ్ళు మండింది. పదేళ్ళ అనుభవాన్ని పట్టుకుని వివరణ అడుగుతాడా? "గౌరవనీయ సమీక్షకునికి ఈ రంగంలో అవగాహన పరిమితమని తెలియజేయుటకు చింతిస్తున్నాను" అని జవాబు రాశాడు. ఆ మాట నిజమని ఇద్దరికీ తెలుసు కాబట్టి సమీక్షకుడు బాగా నొచ్చుకున్నాడు. మధ్యవర్తిత్వానికి సంచాలకుడు ఏడుగురు సభ్యుల సమావేశం పెట్టాడు. చెంచురామయ్య ఏడుసార్లు సంతకం చేశాడు. ఏడు కాఫీలు మంజూరు కావాల్సింది, వ్యయ నియంత్రణ కింద ఒకటే వచ్చింది. రూపకర్త వాదనతో సభ్యులందరూ ఏకగ్రీవంగా ఏకీభవించినట్టు మినిట్స్‌లో రాశారు.

ఆ తర్వాత సమీక్షకుడు మెత్తబడిపోయాడు. పచ్చ సిరా ఏది అడిగినా నీలి సిరా "చూశాను" అని ఒక్క మాట రాసి పడేసేది. పచ్చ సిరా సరేనని సంతకం చేసేది. ఏడాది చివర సంచాలకుడి హోదాలో రహస్య నివేదికలు రాస్తూ చెంచురామయ్య రూపకర్తకు "అసాధారణ ప్రతిభావంతుడు" అనీ, సమీక్షకుడికి "సహకరించే స్వభావం కలవాడు" అనీ రాసుకున్నాడు. రాసి, రెండూ రెండుసార్లు చదువుకున్నాడు.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. గిన్నె తయారైంది. దాన్ని ఉపగ్రహానికి బిగించేవాళ్ళు నలభై రోజుల్లో అప్పగించమన్నారు. అది దాటితే ఆ చోటు ఇంకొకరి పెట్టెకు పోతుంది. మళ్ళీ అవకాశం రావాలంటే తొమ్మిదేళ్ళు. చెంచురామయ్య రిటైరవడానికి మూడేళ్ళే ఉంది.

సరిగ్గా అప్పుడే ప్రతిభాకర్షణ మాసం వచ్చిపడింది. యువ ఇంజినీర్లు అంతరిక్ష రంగం వైపు ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి వేసిన సంఘం, వాళ్ళకు స్ఫూర్తి చాలడం లేదని తేల్చింది. జీతం సంగతి సంఘం పరిశీలనలోకి రాలేదు. ప్రతి కేంద్రం గేటు దగ్గర వ్యోమగామి అట్టబొమ్మ నిలబెట్టాలి, ముఖం ఉండాల్సిన చోట ఫొటోల కోసం కన్నం పెట్టాలి. కనీసం ఒక్కరినైనా ఇంటర్వ్యూ చెయ్యాలి. చెంచురామయ్య అట్టబొమ్మ పెట్టించాడు. కన్నంలోంచి మేకలు తల దూర్చి చూసి పోయేవి. ప్రకటన కూడా వేశాడు: "జీతం: నిబంధనల మేరకు. అదనంగా దేశసేవ చేసిన తృప్తి. పోస్టుల సంఖ్య: లేవు."

పోస్టులు లేవని రాసినా ఒక అమ్మాయి వచ్చింది. పేరు పసుపులేటి ప్రసూన, ఇరవై నాలుగేళ్ళు, మెకానికల్ ఇంజినీరింగు చదివింది. చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరమని వచ్చే సోమవారానికి ఉత్తరం ఉంది.

"చేతిలో ఉద్యోగం పెట్టుకుని ఇక్కడికెందుకు వచ్చావమ్మా?" అని చెంచురామయ్య నియామకాల కుర్చీలోంచి అడిగాడు.

"మాది ఈ పక్క ఊరే సార్. చిన్నప్పటి నుంచి బస్సులో ఈ గోడ పక్కనే పోతా ఉన్నా. లోపల ఏం చేస్తారో ఒకసారన్నా చూద్దామని."

ఇంటర్వ్యూ బోర్డులో అయిదుగురు సభ్యులు ఉండాలి. అయిదు కుర్చీలు వరసగా వేయించాడు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో కుర్చీలోకి మారుతూ, కూర్చునే ముందు ఆ హోదా చెప్పి నమస్కారం పెట్టేవాడు. ఆ అమ్మాయి మొదట బిత్తరపోయినా తొందరగానే అలవాటు పడింది. అతను ఎటు మారితే అటు తన కుర్చీ తిప్పుకుంటూ జవాబులు చెప్పింది. మూడో ప్రశ్నకు, "ఇందాక ఆ చివర సార్ కూడా ఇదే అడిగారు సార్. ఆయనకు చెప్పిన జవాబే చెప్పనా, మార్చి చెప్పనా?" అంది. మస్తానమ్మ టీ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సమీక్షకుడి కుర్చీలో కూర్చుని చెంచురామయ్య గిన్నె బిగించే బొమ్మలు రెండు ఆమె ముందు పరిచాడు. ఒకటి ఉపగ్రహం వాళ్ళు పంపిన అడుగు పలక బొమ్మ. రెండోది తన గిన్నె బొమ్మ. "ఏం అర్థమైందో చెప్పు" అన్నాడు. అర్థం కాకపోతే తాను వివరించి చెప్పవచ్చని అతని ఆశ. నాలుగేళ్ళుగా వివరించి చెప్పడానికి మనిషి దొరకలేదు.

ప్రసూన చాలాసేపు చూసింది. కాగితం తలకిందులు చేసింది. మెడ వంచి కిందినుంచి చూసింది.

"సార్, వాళ్ళ బొమ్మ పైనుంచి చూసి గీసిందా, కిందినుంచి చూసి గీసిందా?"

ఇది రూపకర్తకు సంబంధించిన ప్రశ్న. చెంచురామయ్య లేచి రూపకర్త కుర్చీలోకి మారాడు. "పైనుంచే."

"అయితే ఈ బోల్టు తలలు ఎందుకు కనబడతా ఉన్నాయి సార్? వీటిని కిందినుంచి గదా బిగించేది."

చెంచురామయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు. బోల్టు తలలు కనిపిస్తూనే ఉన్నాయి. నాలుగేళ్ళుగా కనిపిస్తూనే ఉన్నాయి.

"వాళ్ళది కిందినుంచి గీసిన బొమ్మ సార్. అందులో యాంటెన్నా కడ్డీ ఎడమ పక్క ఉంది. మీరేమో మీ గిన్నెను పైనుంచి గీసి, కడ్డీకి అడ్డం లేకుండా మూతను కుడి పక్కకు పెట్టారు. పైనుంచి చూసే కుడి, కిందినుంచి చూస్తే ఎడమ అవతాది. కడ్డీ పక్కే మూత తెరుచుకుంటా ఉంది. తగులుకుంటాది సార్."

 చెంచురామయ్య, ఇది ఎలా పట్టావని అడిగాడు. ఆ ప్రశ్న ఏ కుర్చీలోంచి అడగాలో అతనికి తోచలేదు. నిలబడే అడిగాడు.

"మా నాయన లారీల మెకానిక్ సార్. ఆయన లారీ కింద పడుకుని పనిచేస్తా ఉంటే నేను పక్కన నిలబడి పానాలు అందించేదాన్ని. ఆయన కుడి పక్క అంటే నాకది ఎడమ పక్క. తప్పు పక్క అందిస్తే కేకలేసేవాడు. అట్టా అలవాటైంది."

ఆమెను కూర్చోమని చెప్పి చెంచురామయ్య ప్రయోగశాలలోకి వెళ్ళాడు. బల్ల మీద గిన్నె మూత వేలసార్లు తెరుచుకుంది, ఎప్పుడూ అడ్డం రాలేదు. రాదు మరి, బల్లకు కడ్డీ లేదు. అట్టముక్క కింది వైపున అడుగు పలక గీసి, కడ్డీ చోట పెన్సిలు గుచ్చి, గిన్నెను దాని మీద పెట్టి మస్తానమ్మను పైకెత్తి పట్టుకోమన్నాడు. కింద నేల మీద వెల్లకిలా పడుకుని చూశాడు. మీట నొక్కాడు. మూత మూడోవంతు తెరుచుకుని, పెన్సిలుకు తగిలి, ఆగిపోయింది.

"ఏమైంది సారూ, లేవరే?" అంది మస్తానమ్మ పైనుంచి.

అతను లేవలేదు. పద్నాలుగేళ్ళ పని, ఇంత దూరం పోయి, చీకట్లో మూత మూడోవంతు తెరిచి ఊరకే కూర్చునేది. 

తర్వాత పాత ఫైలు తీశాడు. రెండేళ్ళ కిందటి కాగితం దొరికింది. అందులో పచ్చ సిరాతో తన చేతిరాతే: "మూత ఏ వైపుకు తెరుచుకుంటుందో మరొకసారి చూడండి." దాని కింద నీలి సిరాతో: "చూశాను." ఆ కింద వరసగా నాణ్యత, భద్రత, పరీక్ష, మొత్తం పదకొండు సంతకాలు. నిజానికి అతను ఆ రోజు చూడలేదు. కుర్చీలోంచి లేవడానికి బద్ధకించాడు, పైగా పచ్చ సిరావాడి మీద ఇంకా కోపంగా ఉన్నాడు. పదకొండుమంది చూసిన చోట ఒక్క మనిషి కూడా చూడలేదని ఆ కాగితం ముందు కూర్చుని చెంచురామయ్య తనకు తాను ఒప్పుకున్నాడు.

మూతను అటు తిప్పి బిగించడం రెండు రోజుల పని. అతని భయం దాని గురించి కాదు. ఇలాంటి బొమ్మలు ఇంకా రెండువందల పన్నెండు ఉన్నాయి. అన్నీ అతనే గీశాడు, అన్నింటి మీదా "చూశాను" అని రాశాడు. వాటిని మళ్ళీ అతనే చూస్తే మళ్ళీ అదే కనిపిస్తుంది. ఇంకో జత కళ్ళు కావాలి. ఆ కళ్ళు బయట వరండాలో కూర్చుని ఉన్నాయి, సోమవారం చెన్నై వెళ్ళిపోతాయి. ఆ రోజు గురువారం.

యజ్ఞేశ్వరం గారు ఫైలు చూసి ఆప్యాయంగా నవ్వారు. "చెంచురామయ్య గారూ, మీ ఆవేదన మాకు అవగతమే. కాని నియామకం జరగవలెనంటే ఖాళీ ఉండవలె. తమ కేంద్రంలో మంజూరైన పోస్టులు పదకొండు. పదకొండూ తమచే సమర్థవంతంగా నిర్వహింపబడుచున్నవి. ఖాళీ లేదు."

"మనిషి లేడు గదండీ?"

"మనిషి లేకపోవుట వేరు, ఖాళీ ఉండుట వేరు. రెంటినీ కలపరాదు."

"పోనీ నా బాధ్యతల్లో ఒకటి వదులుకుంటాను."

"వదులుకొనుటకు వీలులేదు. అప్పగించవలెను. అప్పగించుకొనుటకు ఒక అధికారి కావలె. ఆ అధికారిని నియమించుటకు ఖాళీ కావలె. అయినను, నియామకమంటే ఒక జీతం అదనం. అదనపు వ్యయం శూన్యమైన ప్రతిపాదన ఏదైనా ఉన్నచో తీసుకురండి, తక్షణమే సంతకం చేసెదను."

చెంచురామయ్య తిరిగి వచ్చి పదకొండు గదుల్లోనూ కాసేపు కాసేపు కూర్చున్నాడు. ఏ గదిలోనూ ఆలోచన రాలేదు. క్రమశిక్షణ అధికారి గదిలో మాత్రం, నాలుగేళ్ళుగా విప్పని నిబంధనల పుస్తకం ఒకటి బల్ల కాలు కింద ఎత్తు కోసం పెట్టి ఉంది. తీసి దుమ్ము దులిపి చదివాడు. విధుల్లో నిర్లక్ష్యం చూపిన అధికారిని సస్పెండు చెయ్యవచ్చు. సస్పెండైన వ్యక్తి ఏ హోదాలోనూ ఏ బాధ్యతా నిర్వహించరాదు. అతనికి సగం జీతం ఇవ్వాలి. తద్వారా ఏర్పడిన ఖాళీని తాత్కాలికంగా భర్తీ చెయ్యవచ్చు.

సగం జీతం. కొత్తగా చేరిన ఇంజినీరు జీతం దాదాపు అంతే ఉంటుంది.

చెంచురామయ్య ఎర్ర సిరా తీసుకుని తనను తాను సస్పెండు చేసుకున్నాడు. అభియోగం ఇలా రాశాడు: "పచ్చ సిరాతో హెచ్చరిక అందినప్పటికీ, నీలి సిరాతో దానిని పెడచెవిన పెట్టినందుకు." గంట కొట్టాడు. మస్తానమ్మ ఆ ఉత్తర్వు తీసుకుని వరండా చుట్టూ తిరిగి వచ్చి అతని చేతికే ఇచ్చింది. అందినట్టు సంతకం పెట్టాడు. సంచాలకుడిగా చివరి సంతకం ప్రసూన నియామకం మీద పెట్టి, అంతకు ముందు నిమిషం నుంచి సస్పెన్షన్ అమలవుతుందో తర్వాతి నిమిషం నుంచో అని కాసేపు కంగారుపడి, తర్వాతి నిమిషం అని రాశాడు.

యజ్ఞేశ్వరం గారు సంతోషంగా ఆమోదించారు. "అదనపు వ్యయం శూన్యం" అని అంచున రాసి కింద రెండు గీతలు గీశారు. అయితే ఒక చిక్కు వచ్చింది. సస్పెండైనది మనిషి కాబట్టి పదకొండు పోస్టులూ ఒకేసారి ఖాళీ అయ్యాయి. ఖాళీగా ఉంచరాదు, భర్తీ చేయరాదు. సోమవారం ఉదయం ప్రసూన చెన్నై బస్సు ఎక్కకుండా ఇక్కడికే వచ్చి సమీక్షకురాలిగా చేరింది. పదిన్నరకల్లా మిగతా పది పోస్టుల పూర్తి అదనపు బాధ్యతలు ఆమెకు అప్పగిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఇరవై నాలుగేళ్ళకే ఆమె సంచాలకురాలైంది.

సస్పెండైనవాడు భవనం లోపలికి రాకూడదు, ఊరు వదలకూడదు, రోజూ వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టాలి. చెంచురామయ్య పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి, ఆవరణలోని సైకిళ్ళ షెడ్డు కింద బెంచీ మీద కూర్చునేవాడు. ఇంట్లో సగం జీతం సంగతి చెప్పడానికి రెండు రోజులు ఆగాడు. విన్నాక భార్య, "పదకొండుమంది ఉన్నారన్నారు గదా ఇన్నాళ్ళూ. ఒక్కరికీ బుద్ధి లేకపోయిందా?" అంది. లేకపోయిందని ఒప్పుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం ప్రసూన ఎండలో నడుచుకుంటూ షెడ్డు దగ్గరికి వచ్చింది. చేతిలో నోటు పుస్తకం ఉంది.

"సార్, నలభై ఏడో బొమ్మలో ఒక తీగకు రెండు పేర్లున్నాయి. ఏది నిజం?"

చెంచురామయ్య చుట్టూ చూశాడు. "ఏ హోదాలో అడుగుతున్నావమ్మా? నేను సస్పెన్షన్లో ఉన్నాను. సంచాలకురాలివి నాతో మాట్లాడకూడదు."

"తెలియనిదాన్ని సార్. తెలియని హోదాలో అడగతా ఉన్నా."

ఆ హోదాకు సిరా రంగు కేటాయించలేదు కాబట్టి కాగితం అక్కర్లేదని ఇద్దరూ తీర్మానించుకున్నారు. ఆమె రోజూ వచ్చేది. అడిగేది. అతను చెప్పేవాడు, ఆమె కాదనేది, అతనికి కోపం వచ్చేది, తర్వాత ఆమె చెప్పినదే నిజమని తేలేది. నాలుగేళ్ళలో ఒక మనిషి ఎదురుగా నిలబడి కాదనడం అదే మొదలు. మొదటి రెండుసార్లు అతనికి రాత్రి అన్నం సయించలేదు. మూడోసారి నుంచి ఆమె రావడం ఆలస్యమైతే భవనం తలుపు వైపు చూడటం మొదలుపెట్టాడు. రెండువందల పన్నెండు బొమ్మల్లో ఏడు తప్పులు దొరికాయి. అందులో రెండు గిన్నెను పైన పనికిరాకుండా చేసేవే.

ముప్పై ఎనిమిదో రోజున గిన్నె అప్పగించారు. తీసుకుపోయే వ్యాను వెనక చెంచురామయ్య గేటు దాకా నడిచాడు. అక్కడి దాకే అతని హద్దు.

ఇక విచారణ మిగిలింది. క్రమశిక్షణ అధికారి హోదాలో ప్రసూన కూర్చుంది. నిందితుడు ఎదురుగా నిలబడ్డాడు. సాక్షి మస్తానమ్మ.

"ఆ రోజు ఆయన బొమ్మ చూడలేదని మీకెట్టా తెలుసు మస్తానమ్మా?"

"నేను చుట్టూ తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలోనో ఈ కుర్చీలోనో కూర్చోనే ఉంటాడు గదమ్మా. లేచి ప్రయోగశాలకు పోయుంటే నేను కాగితం పట్టుకుని నిలబడాల్సొచ్చేది. ఒక్కనాడూ నిలబడలేదు."

నిందితుడు ఆ సాక్ష్యాన్ని ఖండించలేదు. తీర్పు ఆమె స్వయంగా రాసింది: "నేరం రుజువైంది. శిక్షగా పది అదనపు బాధ్యతల నుంచీ తొలగించడమైనది. ఇక మీదట రూపకర్త పోస్టులో మాత్రమే, తగ్గించిన జీతం మీద పనిచేయవలెను." జీతం తగ్గించకపోతే ఇద్దరినీ భరించడం కుదరదని యజ్ఞేశ్వరం గారు ముందే చెప్పారు. ఆ వాక్యం రాసేటప్పుడు ప్రసూన చెయ్యి ఆగింది. "రాయమ్మా, నేను చెబుతాగా" అన్నాడు చెంచురామయ్య. ఎంత తగ్గించాలో అంకె కూడా అతనే చెప్పాడు. శిక్షకు వ్యయ నియంత్రణ విభాగం అనుమతి అక్కర్లేదట, నిబంధనల పుస్తకంలో ఉంది.

అయిదు నెలల తర్వాత గిన్నె మూత పైన పూర్తిగా తెరుచుకుంది. తొలి ధూళి కణం తగిలిన కబురు వచ్చినప్పుడు తెర మీద ఒక చిన్న గీత పైకి లేచింది, అంతే. చెంచురామయ్య కళ్ళు తుడుచుకున్నాడు. మస్తానమ్మ ఆ గీత చూసి, ఇంతేనా అని అడిగింది. ఇంతే అన్నాడు.

ఆ ఏటి వార్షిక నివేదికలో యజ్ఞేశ్వరం గారు ఇలా రాశారు: "ప్రతిభాకర్షణ పథకం ఫలితంగా కేంద్రంలో సాంకేతిక సిబ్బంది సంఖ్య ఒక్క సంవత్సరంలో వంద శాతం పెరిగినది. అదనపు వ్యయం శూన్యం." వ్యోమగామి అట్టబొమ్మలను మిగతా కేంద్రాలకు కూడా విస్తరించాలని సిఫారసు చేశారు. ఆయనకు రెండో శాలువా వచ్చింది.

పేరు పలకల్లో ఒకటి మాత్రం చెంచురామయ్యది, మిగతా పదీ ప్రసూనవి. ఆ పదింటినీ ఎలా వదిలించుకోవాలో ఇద్దరూ సాయంత్రాలు ఆ బెంచీ మీదే కూర్చుని ఆలోచిస్తున్నారు. రెండో గిన్నె పని మొదలైంది. మొదటి బొమ్మ గీసి అతను గంట కొట్టాడు. మస్తానమ్మ తీసుకుపోయింది. ఈసారి ఆమె వరండా చుట్టూ తిరిగి వెళ్ళేసరికి పక్క గదిలో నిజంగానే వేరే మనిషి కూర్చుని ఉంది.

గంట తర్వాత కాగితం తిరిగి వచ్చింది. దాని మీద పచ్చ సిరా, కొత్త చేతిరాత: "మూత ఏ వైపుకు తెరుచుకుంటుందో మరొకసారి చూడండి."

చెంచురామయ్య నీలి కలం మూత తీశాడు. "చూ" అని రాశాడు. ఆగి, ఆ అక్షరం కొట్టేసి, కలం మూసి జేబులో పెట్టుకుని, లేచి ప్రయోగశాలకు నడిచాడు.